మైదా జిగురు పెట్టిన పాఠం

మా బళ్ళో ఎనిమిదో తరగతి జీవశాస్త్రం పుస్తకాలు నూట నలభై రెండు. అన్నిట్లోనూ 'కౌమార దశ' పాఠం ఉంది. అన్నిట్లోనూ దాని పేజీలు తెరుచుకోకుండా అతికించింది నేనే. జిగురు కూడా నేనే కాచాను. చెంబుడు నీళ్ళకి గుప్పెడు మైదా, పురుగు పట్టకుండా కాస్త వేపాకు రసం. ఆ మాట హెడ్మాస్టారికి చెబితే చాలా సంతోషించారు.

"పురుగు పట్టకూడదు ఎర్నమ్మా. ఆ పాఠం పదికాలాలపాటు చెక్కుచెదరకుండా ఉండాలి. ఎవరూ చూడకుండా ఉండాలి," అన్నారు.

నేను ఆ బళ్ళో మధ్యాహ్న భోజనం వండుతాను. ఈ పని నా చేతికి ఎలా వచ్చిందో మొదటినుంచీ చెబుతాను.

జులై నెలలో పై ఆఫీసు నుంచి ఒకే కవరులో రెండు ఉత్తర్వులు వచ్చాయి. మొదటిది: కౌమార దశ పాఠమును నెలాఖరులోగా నూటికి నూరు శాతము బోధించి నివేదిక పంపవలెను. రెండోది: సదరు పాఠములోని అంశములు విద్యార్థుల దృష్టికి రాకుండా తగు జాగ్రత్త వహించవలెను. రెండిటి కిందా ఉన్న సంతకం ఒకరిదే.

మా హెడ్మాస్టారు పేడాడ కామేశం గారు ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఒక్క ఉత్తర్వునీ మీరలేదు. ఒకసారి మే నెలలో 'వర్షపు నీటి సంరక్షణ దినం' జరపమన్నారు. మబ్బు తునక లేదు. ఆయన మిద్దె మీదనుంచి బిందెలతో నీళ్ళు పోయించి, కింద పిల్లలచేత గొడుగులు పట్టించి ఫోటో పంపారు. అలాంటి మనిషి.

ఆయన గదిలో మీటింగు పెట్టారు. తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ లెంక సన్యాసినాయుడు గారు వచ్చారు. సైన్సు చెప్పే ఫ్లారెన్స్ టీచరు వచ్చింది. నేను టీ పట్టుకెళ్ళాను.

"మాస్టారూ, మా ఇళ్ళల్లో ఇలాటి మాటలు నోటెంట రావండి," అన్నారు నాయుడు గారు. "గుంటలకి తెలిస్తే పాడైపోరేటండి?"

"తెలియకపోతే బాగుంటారా నాయుడు గారూ?" అంది ఫ్లారెన్స్ టీచరు.

"తెలియకపోతే తెలీదు గదమ్మా. ఇంకేటి గొడవ?"

"మీకెలా తెలిసిందండీ?"

నాయుడు గారు టీ గ్లాసులోకి చూశారు. "మాకెవులూ సెప్పలేదమ్మా. పెళ్ళయినాక అదే తెలిసిపోనాది."

"మీకు సరే. మీ ఆవిడకి?"

హెడ్మాస్టారు పెన్నుతో బల్ల మీద కొట్టారు. "చర్చ పక్కదారి పడుతోంది. బోధించుట అనేది ఉపాధ్యాయుని చర్య. గ్రహించుట అనేది విద్యార్థి చర్య. మొదటి ఉత్తర్వు బోధించమంది. గ్రహింపజేయమనలేదు. రెండో ఉత్తర్వు గ్రహించనీయవద్దంది. బోధించవద్దనలేదు. వీటి మధ్య వైరుధ్యం నాకెక్కడా కనిపించడం లేదు."

మర్నాడు మూడో పీరియడులో ఎనిమిదో తరగతి పిల్లలందరినీ గ్రౌండు చివరికి పంపారు. మాట వినపడని దూరమెంతో డ్రిల్లు మాస్టారు విజిలూది మరీ కొలిచి సున్నం గీత గీశారు. ఫ్లారెన్స్ టీచరు ఖాళీ గదిలోకి వెళ్ళింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "కూర్చోండి," అంది బెంచీలతో. నలభై నిమిషాలు, బొమ్మ వేసి, భాగాలు గుర్తించి, గొంతెత్తి చెప్పింది. హెడ్మాస్టారు వరండాలో కుర్చీ వేసుకుని, చెవుల్లో దూది పెట్టుకుని పర్యవేక్షించారు. చివర్న ఆవిడ, "సందేహాలుంటే అడగండి," అంది. బెంచీలు ఊరుకున్నాయి.

హెడ్మాస్టారు నివేదికలో రాశారు: బోధన నూరు శాతము పూర్తి. విద్యార్థులకు ఎటువంటి సందేహములు లేవు.

ఇక పుస్తకాలు మిగిలాయి.

"చింపితే ప్రభుత్వ ఆస్తి ధ్వంసం. ఉంచితే రెండో ఉత్తర్వు ధిక్కారం. కాబట్టి అతికించాలి," అన్నారు హెడ్మాస్టారు. అంతలోనే ఆయనకి చెమట పట్టింది. "కానీ అతికించేవాళ్ళు చూడకుండా ఎలా అతికిస్తారు? ఆరు పేజీలు!"

నాయుడు గారు కాసేపు మీసం సవరించుకున్నారు. "సదువు రానోళ్ళసేత అతికిద్దామండి."

అందరూ టీ గ్లాసులు ఏరుతున్న నావైపు తిరిగారు.

అక్కడికక్కడే కాగితం తయారైంది. 'నాకు చదువుట గాని వ్రాయుట గాని రాదని, కావున పై పాఠము వలన నా మనసుకు ఎట్టి హానియు కలుగదని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.' నేను దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి, అర్థం చేసుకుని, వేలిముద్ర వేశాను.

అబద్ధమాడావా అని మీరు అడగొచ్చు. నన్నెవరూ అడగలేదు. అంతకు ఏడాది ముందు హాజరు రిజిస్టర్లో సంతకం పెడతానని హెడ్మాస్టారితో నేనే చెప్పాను. ఆయన కంగారుపడ్డారు. "ఇన్నాళ్ళు వేలిముద్రలున్న చోట హఠాత్తుగా సంతకం కనిపిస్తే, నువ్వు నువ్వేనా అని తనిఖీ వస్తుంది. వద్దు తల్లీ," అన్నారు. అప్పట్నించీ వేలే.

నాకు అక్షరాలు నేర్పింది తనూజ. ఆ పిల్ల అమ్మా నాన్నా మద్రాసులో బిల్డింగు పనికి పోతే, ఇక్కడ నాయనమ్మ దగ్గర ఉంటోంది. నాయనమ్మ జీడి ఫ్యాక్టరీ నుంచి వచ్చేదాకా సాయంత్రాలు నా వంట షెడ్డులో కూర్చునేది. అప్పుడది ఆరో తరగతి. మా ఆయన పోయి రెండేళ్ళయింది, నాకూ ఇంటికి పోయే తొందర లేదు. బొగ్గుముక్కతో బియ్యం బస్తా మీద రాసి నేర్పేది. తప్పు చెబితే గరిటె కాడతో నా వేళ్ళ మీద ఒక్కటిచ్చేది. "నోటిమాట నమ్మకు అత్తా. పుస్తకంలో ఉంటేనే నిజం," అనేది.

అతికించడం రెండ్రోజుల పని. నాకు ఆరు రోజులు పట్టింది. జిగురు రాస్తూ రాస్తూ చదివాను. ముప్ఫయ్యో పుస్తకానికి మొదటి పేజీ పట్టుబడింది. ఎనభయ్యో పుస్తకానికి గర్భాశయం అన్న మాట తడుముకోకుండా చదివాను. నూట నలభై రెండు పూర్తయ్యేసరికి, ఆ పాఠం నాకొచ్చినంత బాగా మా మండలంలో ఇంకెవరికీ రాదు.

ఇద్దరు పిల్లల్ని కన్నాను. నా కడుపులో ఏ గది ఎక్కడుందో నలభై ఆరేళ్ళకి తెలిసింది. నేను సమర్తాడిన రోజున చింతచెట్టు మీదనుంచి దూకి లోపలేదో చిట్లిందనుకున్నాను. అమ్మ కొడుతుందని ఎవరికీ చెప్పలేదు. చివరికి అమ్మే కనిపెట్టి, ఎందుకో చెప్పకుండా పదకొండు రోజులు మూల కూర్చోబెట్టింది. చెట్టు దూకినందుకు శిక్ష అనుకున్నాను. మళ్ళీ ఎప్పుడూ చెట్టెక్కలేదు.

పాఠం ఆఖర్న ఒక గళ్ళో ఇలా ఉంది: 'ఇది వ్యాధి కాదు. సందేహాలు, భయాలు ఉంటే మీ ఉపాధ్యాయులను, తల్లిదండ్రులను అడగండి.' దాని మీద జిగురు కాస్త దట్టంగా రాయమన్నారు.

ఫ్లారెన్స్ టీచరుని 'చెప్పకుండా బోధించుట' అనే అంశం మీద శిక్షణకి పది రోజులు పంపేశారు.

ఆ పది రోజుల్లోనే తనూజ తిండి మానేసింది. కంచం తీసుకుని, పంపు దగ్గరికి పోయి, అన్నం కుక్కకి పెట్టి వచ్చేది. నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు హెడ్మాస్టారి బల్ల మీద టీ పెడుతుంటే దాని దస్తూరీ కనిపించింది. నాకు ఆ దస్తూరీ తప్ప వేరే గురువు లేడు, ఎక్కడున్నా పోల్చుకుంటాను.

'అయ్యా, నాకు ప్రాణం పోయే జబ్బు వచ్చింది. రోజూ రక్తం పోతోంది. మా నాయనమ్మకు చెప్పవద్దు, ఆమె తట్టుకోలేదు. నాకు టీసీ ఇప్పిస్తే మద్రాసు వెళ్ళి మా అమ్మను చూసి చనిపోతాను. ఇట్లు, బి. తనూజ, ఎనిమిది, బి సెక్షన్.'

హెడ్మాస్టారు ఆ ఉత్తరం నాయుడు గారికి చూపించారు. చూపించేటప్పుడు మధ్యలో ఒక వాక్యం మీద వేలు అడ్డం పెట్టారు.

"చిక్కొచ్చిందండీ. ఇందులో నిషిద్ధ అంశం ఉంది. కాబట్టి ఆ భాగం మనం చదవనట్టే లెక్క. ఆ భాగం తీసేస్తే మిగిలేది టీసీ. టీసీ నిషిద్ధం కాదు. కాబట్టి మంజూరు చెయ్యాలి."

"గుంటకి ఏటైనాదో అడగక్కర్లేదేటండి?"

"అడిగితే చెబుతుంది కదండీ!"

నాయుడు గారు ఆ ప్రమాదం గ్రహించి తలూపారు. శనివారం కమిటీలో సంతకాలు, సోమవారం టీసీ అని తేలింది. జిల్లా క్విజ్‌లో మా బడికి ఏకైక కప్పు తెచ్చిన పిల్ల అది. ఆ కప్పులోనే హెడ్మాస్టారు గుండుసూదులు వేసుకుంటారు.

ఆ మధ్యాహ్నమే దాన్ని షెడ్డులోకి లాక్కొచ్చాను.

"ఏటే, టీసీ అడిగినావట?"

"నీకెవరు సెప్పినారు?"

"నేనే సదివినాను. నువ్వే గదే నేర్పినావు."

దాంతో అది బస్తా మీద కూలబడి ఏడ్చింది. ఎక్కిళ్ళ మధ్య చెప్పింది, ఎప్పుడు మొదలైందో, ఎన్ని గుడ్డలు దాచిందో, ఎవరికీ తెలియకుండా ఎక్కడ పారేసిందో.

"ఓసి పిచ్చిగుంటా!" అన్నాను. "సమర్తాడినావే! పెద్దమనిషివైనావు!"

తనూజ కళ్ళు తుడుచుకుని నన్ను జాలిగా చూసింది.

"అది కాదత్తా. సమర్తంటే నాకు తెలీదేటి? పదకొండు ఫంక్షన్లకి ఎల్లినాను. దానికి ముహూర్తం పెడతారు. పట్టుచీర కొంటారు, పూలజడ ఏస్తారు, ఫ్లెక్సీ కడతారు. వయసొచ్చిందని పెద్దోళ్ళు నిర్ణయిస్తారు, పుట్టెంటికలు తీసినట్టు. మధ్యలో రక్తమెక్కడుంది?"

అది అన్నదాంట్లో తప్పేమీ లేదు. పదకొండు ఫంక్షన్లలో లడ్డూ ఎందుకు పెడుతున్నారో ఒక్కరూ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే బడి గేటుకి ఫ్లెక్సీ కడుతున్నారు. ఇరవై అడుగుల పొడవు. నాయుడు గారి అమ్మాయి లిఖిత, ఇదే ఎనిమిదో తరగతి, ఈమధ్య బడికి రావడం లేదు. పూలజడతో, పట్టుచీరతో, నెమలి మీద కూర్చుని ఉంది. ఒక పక్క నాయుడు గారు దండం పెడుతున్నారు. పైన అరచెయ్యంత అక్షరాలు: 'చి.ల.సౌ. లిఖిత పుష్పవతి అలంకరణ మహోత్సవం. శనివారం సాయంత్రం. అందరూ ఆహ్వానితులే.'

"అదుగో, ఆ పిల్లకీ నీకొచ్చిందే వచ్చింది," అన్నాను.

"ఊరుకో అత్తా. రక్తం పోతే అలా నవ్వుతుందేటి? నువ్వు నన్ను ఊరడిస్తన్నావు. పుస్తకంలో ఉంటే సూపించు."

పుస్తకంలో ఉంది. పుస్తకం దాని సంచిలోనే ఉంది. లాగితే కాగితం చిరుగుతోంది. నా జిగురు అంత మంచిది.

కానీ జిగురు కాచడం తెలిసిన మనిషికి అది దేనికి లొంగుతుందో తెలియదా? పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. పుస్తకం తెరిచి ఆవిరి మీద పట్టుకున్నాను. వంద అంకెలు లెక్కపెట్టేసరికి మొదటి పేజీ ఒక మూల లేచింది. తనూజ గోరుతో మెల్లగా విడదీసింది. ఆరు పేజీలూ వచ్చాయి, వేపాకు వాసనతో.

అది గట్టిగా చదివింది. నేను పక్కనుంచి దానికంటే ఒక మాట ముందే చెబుతూ వచ్చాను. చివరి గడి దగ్గర ఆగింది. 'ఇది వ్యాధి కాదు.' మళ్ళీ చదివింది. మూడోసారి పైకి వినపడకుండా, పెదాలతో చదివింది.

"అన్నం ఉందా అత్తా?" అంది.

రెండు కంచాలు తింది, రెండు గుడ్లతో. తిన్నాక అడిగింది.

"ఈ పేజీలు ఎవరు అతికించినారు?"

"నేనే."

"ఎందుకు?"

"నాకు సదువు రాదని."

తనూజ గరిటె అందుకుని, కాడతో నా వేళ్ళ మీద ఒక్కటిచ్చింది. బాగానే తగిలింది.

మర్నాడు షెడ్డు దగ్గరికి నలుగురు ఆడపిల్లలు పుస్తకాలతో వచ్చారు. ఆ మర్నాడు ముప్ఫై మంది. తర్వాత మగపిల్లలు వేరే వరస కట్టారు. మొదటి పేజీ దగ్గర కాస్త కిసకిసలాడారు గానీ, రెండో పేజీలో బొమ్మకి పన్నెండు భాగాలు గుర్తించాలని తెలిశాక గంభీరంగా అయిపోయారు. ఎసరు ఎక్కువసేపు మరిగించాల్సి వచ్చి ఆ వారమంతా భోజనం గంట ఆలస్యమైంది. అంత క్రమశిక్షణగా ఆకలికి ఓర్చుకున్న పిల్లల్ని నేనెప్పుడూ చూడలేదు.

శనివారం పై ఆఫీసు నుంచి అధికారి గారు వచ్చారు. బోధన నూరు శాతం, అవగాహన సున్నా శాతం సాధించిన ఏకైక బడిగా మా బడికి ఆదర్శ పత్రం ఇద్దామని. శిక్షణ ముగించుకుని ఫ్లారెన్స్ టీచరు కూడా ఆ రోజే తిరిగొచ్చింది. హెడ్మాస్టారి గదిలో అందరూ కూర్చున్నారు. నేను టీ పోస్తున్నాను.

"అతికింపు పరిశీలిద్దాం," అని అధికారి గారు పిల్లల దగ్గర్నుంచి తెప్పించిన దొంతరలోంచి ఒక పుస్తకం తీశారు. పేజీలు గుమ్మం తలుపులా తెరుచుకున్నాయి. ఇంకోటి తీశారు. అదీ అంతే.

హెడ్మాస్టారి ముఖంలో రక్తం ఇంకిపోయింది. నిషిద్ధ పదమైనా ఇక్కడ వేరే మాట దొరకలేదు.

"ఇది తెలిసినవాళ్ళు చేసిన పని," అన్నారు అధికారి గారు. "చదువొచ్చినవాళ్ళ జాబితా తయారు చెయ్యండి."

ఆ జాబితాలో బడి మొత్తం ఉంది, నేను తప్ప.

అదే సమయానికి తనూజ గుమ్మంలోకి వచ్చింది, చేతిలో రెండో ఉత్తరంతో. 'నాకున్నది జబ్బు కాదని తెలిసినందున టీసీ అక్కరలేదు.' అధికారి గారు దాన్ని చదివారు.

"ఎలా తెలిసింది?"

తనూజ నేలకేసి చూసింది.

"ఎవరు చెప్పారో చెబితే వాళ్ళు ఉద్యోగంలోంచి ఇంటికి. చెప్పకపోతే నువ్వు టీసీతో ఇంటికి. ఏదో ఒకటి కావాలి."

ఆ పిల్ల నావైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో దాని మెడ చెబుతోంది. కన్నీళ్ళు చెప్పుల మీద పడుతున్నాయి. నోరు మాత్రం విప్పలేదు. టీసీ కాగితం బల్ల మీదే ఉంది, సంతకానికి విప్పిన పెన్నుతో సహా.

నేను ట్రే కింద పెట్టాను.

"బాబూ, ఆ పిల్లకి ఎవులూ సెప్పలేదు. ఫ్లెక్సీ సూసి తెలుసుకున్నాది."

"ఏ ఫ్లెక్సీ?"

"గేటుకి కట్టినారు గద బాబూ. నాకు సదువు రాదు, ఏటి రాసుందో తెలీదు. అందరూ సదువుకుంటన్నారు."

అధికారి గారు లేచి గేటు దగ్గరికి నడిచారు. వెనక మేమందరం. ఆయన తలెత్తి ఈ కొస నుంచి ఆ కొసదాకా చదివారు.

"ఇది ఎవరు పెట్టించారు?"

"నేనేనండి," అన్నారు నాయుడు గారు. "సంప్రదాయమండి."

"సందర్భం?"

"మా అమ్మాయి... అదేనండి."

"ఏది?"

"అదేనండి... పెద్దదైనాది."

"అంటే ఏమైంది? నివేదికలో రాయాలి."

నాయుడు గారు చుట్టూ చూశారు. ఫ్లారెన్స్ టీచరు దగ్గరికొచ్చి మెత్తగా, "మొహమాటపడకండి నాయుడు గారూ. భయాలుంటే ఉపాధ్యాయులను అడగండి," అంది.

ఆయన నోరు తెరిచారు, మూశారు. ఆ మాట ఆయన నోట్లోంచి రానేలేదు. ఆయన బదులు మైకు చెప్పింది. ఆటో ఒకటి బడి ముందునుంచే పోతూ, లెంక సన్యాసినాయుడు గారి ఏకైక పుత్రిక లిఖిత ఫలానా వారం ఫలానా నక్షత్రంలో రజస్వల అయినదని, విందుకి నాలుగు ఊళ్ళవాళ్ళూ రావాలని, రెండుసార్లు చాటింది.

హెడ్మాస్టారు ముందుగా తేరుకున్నారు. "సార్, రెండో ఉత్తర్వు ప్రకారం దీన్ని కూడా అతికిస్తాం. ఎర్నమ్మా, జిగురు!"

బకెట్టుతో తెచ్చి, నిచ్చెనేసి, పాత ప్రశ్నపత్రాలు అతికించాను. ఫ్లెక్సీ మీద మైదా నిలవదు. కాగితాలన్నీ మెల్లగా జారి, నాయుడు గారి ముఖం మీదకొచ్చి ఆగాయి. లిఖిత నవ్వుతూనే ఉంది.

"నా కూతురి ఫ్లెక్సీకి జిగురు రాస్తారేటి?" అని నాయుడు గారు అరిచారు. "అందులో తప్పేటున్నాదని? సృష్టి ధర్మం గదా!"

"అయితే పాఠంలో తప్పేముంది సార్?" అంది ఫ్లారెన్స్ టీచరు.

అధికారి గారు చాలాసేపు ఆలోచించారు. గేటు మీదది సంప్రదాయం, పుస్తకంలోది అసభ్యం, విషయం మాత్రం ఒకటే. ఫ్లెక్సీ ఉంచితే పాఠం ఉంచాలి. పాఠం మూస్తే ఫ్లెక్సీ దించాలి. ఫ్లెక్సీ దించితే సాయంత్రం విందుకి ఆయన వెళ్ళడానికి వీల్లేదు. చివరికి నోటుపుస్తకం తీసి రాశారు: 'స్పష్టత కొరకు పై కార్యాలయమునకు లేఖ పంపడమైనది. అంతవరకు అన్నియు యథాతథ స్థితిలో ఉంచవలెను.'

తెరిచిన పుస్తకాలు తెరిచినట్టే ఉన్నాయి. బల్ల మీద టీసీ సంతకం లేకుండా ఉన్నట్టే ఉంది. తనూజ ఇప్పుడు తొమ్మిదో తరగతి. హెడ్మాస్టారి దగ్గర గుండుసూదుల కప్పులు రెండయ్యాయి.

లిఖిత సోమవారం బడికొచ్చింది. భోజనం బెల్లు కాగానే పుస్తకం పట్టుకుని తిన్నగా షెడ్డుకే వచ్చింది.

"అత్తా, తొమ్మిది రోజులు మూల కూర్చోబెట్టి, లడ్డూలు పెట్టి, నెమలి మీద ఫోటో తీసినారు. ఎందుకో సెప్పలేదు. ఇందులో ఉందట గదా?"

ఎసరు మీద పెట్టి ఇచ్చాను.

ఈ ఏడు కొత్త పుస్తకాలొచ్చాయి. నూట యాభై ఒకటి. పై ఆఫీసు నుంచి స్పష్టత కూడా వచ్చింది: పాఠము బోధించవలెను, అతికింపు నాణ్యత పెంచవలెను, అతికించువారి నిరక్షరాస్యతను ఏటేటా పునర్ధ్రువీకరించవలెను. హెడ్మాస్టారు కాగితం నా ముందు పెట్టి, "నీకు ఈ ఏడాది కూడా చదువు రాదు కదా ఎర్నమ్మా?" అని ఆశగా అడిగారు.

"ఎక్కడొస్తాది బాబూ, ఈ వయసులో," అని వేలు ఇంకులో ముంచాను.

నిన్న ఏడో తరగతి పిల్ల ఒకతె కంచం తీసుకుని పంపు దగ్గరికి పోయి, అన్నం కుక్కకి పెట్టి వచ్చింది. ఎనిమిదో తరగతి పుస్తకం దానికి వచ్చే ఏడు గానీ రాదు. ఈ ఏడు అతికించిన దొంతరలోంచి నేనొకటి తీసి, దాన్ని పిలిచి, పొయ్యిలో మంట ఎగదోశాను.